గమ్మున ఒక అరగంట

ప్రేమకథలు వానతో మొదలవ్వాలని రూలు పెట్టినవాడెవడో ఏప్రిల్ నెలాఖరులో మైపాడు వైపు వచ్చి ఉండడు. తారు రోడ్డు మీద చెప్పు పెడితే అంటుకునే ఎండ. వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఇసుకలో పడి ఉన్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పనిలేని కోపాన్ని ఒకరి మీద ఒకరు చూపించుకుంటున్నారు. కిషోర్ కూడా వాళ్ళ జాలరి పాళెంలోకి వచ్చే రోడ్డు మీద తన వల పరుచుకుని చిరుగులు వెతుకుతున్నాడు.

సరిగ్గా ఆ వల మీదకి స్కూటీ ఎక్కించింది వినీల.

చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఫోను ఇరికించుకుని, "హజరత్తయ్యన్నా, చెరువులో ఆక్సిజన్ తగ్గింది, ఏరియేటర్లు రెండూ ఆన్ చెయ్యి!" అని అరుస్తూ వచ్చి, వల మధ్యలో ఆగింది. ఆగిందనడం మర్యాదకి. వెనక చక్రానికి వల చుట్టుకుని స్కూటీయే మొరాయించింది.

"కళ్ళు యాడ పెట్టుకోని వస్తుండావమ్మా?" అంటూ కిషోర్ పరిగెత్తుకొచ్చాడు.

ఆమె ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది. ఫోను పెట్టేశాక చక్రం వైపు చూసి, "రోడ్డు మీద ఎవరైనా వల పరుస్తారా?" అంది.

"రోడ్డు మీద ఎవరన్నా ఫోన్లో రొయ్యల్ని సాకుతారా?"

"కోసెయ్ అన్నా. ఎంతయిద్దో ఇస్తా. అర్జంటు."

"కోసేదా? నీ జడ అట్టా దేంట్లోనన్నా ఇరుక్కుంటే కోసెయ్యమంటావా?"

ఆమె జడ ముందుకు తీసుకుని గట్టిగా పట్టుకుంది. కిషోర్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. చక్రం పక్కన కూర్చుని ఒక్కొక్క పోగూ విడదీయడం మొదలుపెట్టాడు. అది తొందరగా అయ్యే పని కాదు. ఈలోగా ఆమె ఫోనుకి చార్జింగ్ అయిపోయింది. చేసేదేమీ లేక పక్కనున్న బోటు నీడలో కూర్చుంది.

వల వదిలించి తలెత్తి చూసేసరికి ఆమె బుగ్గల మీద నీళ్ళున్నాయి.

"ఏందమ్మా ఇది? చినిగింది నా వల. ఏడిస్తే నేనేడవాల."

"ఏడవడంలే," అని వినీల చున్నీతో తుడుచుకుంది. "గమ్మున కూర్చున్నా, వాటంతట అయ్యే వచ్చినాయి. ఎందుకో నాకూ తెలియదు."

వినీలది వాకాడు పక్క, పులికాట్ సరస్సు మీద బతికే పల్లె. తండ్రి లేడు. బీఎస్సీ చదివి, ఇందుకూరుపేటలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తోంది. రొయ్య మేత తినకపోతే ఆమెకి ఫోను. రొయ్య గట్టు పక్కకి చేరితే ఆమెకి ఫోను. తెల్లారకముందు మొదలైతే పడుకునేదాకా ఫోనే.

ఆ తర్వాత ఆమె ఏ చెరువుకి వెళ్ళినా దారి పాళెం మీదుగానే పడేది. నిజానికి అది దారి కాదు, చుట్టు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, పాళెంలో అందరికీ తెలుసు. తెలియనట్టు మొహం పెట్టేది కిషోర్ ఒక్కడే.

"ఈ పక్క చెరువులే లేవు గదా మేడమ్, ఎవరి రొయ్యలకి జొరమొచ్చింది?"

"నీ వల ఎట్టా ఉండాదో చూసిపోదామని వచ్చినాన్లే అన్నా."

"వల బాగుండాది గానీ, ఆ అన్నా అనేదే బాగాలే."

"మరేమనాలంట?"

"కిషోర్ అను. నోరేం నొప్పి పుట్టదు."

ఆమె నవ్వింది. నవ్వుతుండగానే ఫోను మోగింది. వాళ్ళిద్దరి మధ్య ఏ మాటా చివరిదాకా వెళ్ళిందే లేదు. సగం మాట, ఫోను, మళ్ళీ సగం మాట. అలా సగం సగంగానే ఇష్టం పుట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

"తిన్నా." ఆమె ఆగింది. "తిన్నాననే అనుకుంటుండా."

స్కూటీ డిక్కీలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరిచి చూసింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇద్దరూ విరగబడి నవ్వారు. కాసేపయ్యాక కిషోర్‌కి నవ్వు ఆగిపోయింది. తిన్నదీ లేనిదీ డబ్బాని అడిగి తెలుసుకునే మనిషి తాను బాగుందో లేదో ఎవరిని అడుగుతుంది?

ఆ రోజే ఆమె ఒడ్డున కూర్చున్న పెంచలయ్యని చూసింది. కిషోర్ తండ్రి. గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, సముద్రం వైపే చూస్తున్నాడు.

"పెద్దాయనకి ఒంట్లో బాగలేదా?"

"నీళ్ళు చూస్తా ఉండాడు. మా పాళెంలో అంతే. బోటు దించే ముందర ఇంటి పెద్ద ఇట్టా కాసేపు కూర్చుంటాడు. అలెట్టా ఉండాదో, రంగెట్టా ఉండాదో చూసుకుంటాడు. అంతసేపూ ఆయన్ని పిలవకూడదు. లేచినాక పోదాం అంటే పోవాల, వద్దంటే వద్దు. ఎందుకని అడక్కూడదు."

"ఇప్పుడు వేటే లేదు గదా?"

"వేట లేకపోయినా కూర్చుంటాడు. అలవాటు పడినాక మనిషికి అదొకటి కావాల్సొస్తది."

"మా సరస్సు పక్క ఇట్టాంటిది లేదు," అంది వినీల. పెంచలయ్య లేచేదాకా ఆమె కదల్లేదు. ఫోను రెండుసార్లు మోగినా తీయలేదు. అది కిషోర్ చూశాడు, చూసి మురిసిపోయాడు.

మే నెల మధ్యలో ఒక పొద్దున, చెరువు గట్టు మీద ఆమెకి పరీక్ష నీళ్ళ సీసాలు అందిస్తూ కిషోర్ అడిగేశాడు. ఆమె మార్కరుతో సీసా మీద రైతు పేరు రాస్తోంది.

"వినీలా, మనం పెళ్ళి చేసుకుందామా?"

"సరే."

"సరేనా?"

"సరే అన్నా గదా. ఆ మూత ఇట్టియ్యి."

అతను మూత ఇచ్చాడు. ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళాడు. అతని తల్లి ఆదిశేషమ్మ ఇంకా ఎక్కువ తేలింది. రెండు బస్సులు మారి వాకాడు పక్క వెళ్ళి, వినీల తల్లి మాలకొండమ్మతో మాట్లాడి, పూలూ పండ్లూ పెట్టి వచ్చింది. వేట మొదలయ్యేలోపల తాంబూలాలు పుచ్చుకోవాలని ఆడవాళ్ళిద్దరూ తీర్మానించుకున్నారు. ఏ ఇంట్లోనూ అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఇంత సాఫీగా సాగిన ప్రేమని ఎవరైనా తీసుకుని కళ్ళకద్దుకుంటారు. మనవాడు మాత్రం దాన్ని గిల్లి చూశాడు.

ఎందుకంటే, ఆ వారంలో టీ బంకు దగ్గర ఆమె పక్కన నిలబడి ఉండగా మూడు ఫోన్లు వచ్చాయి. ల్యాబు ఓనరు ఆదివారం కూడా రావాలన్నాడు. "సరే సార్." హజరత్తయ్య తెల్లారేసరికి చెరువు దగ్గరుండాలన్నాడు. "సరేన్నా." తాంబూలాలకి ఆకుపచ్చ చీర తీసేసినానని తల్లి చెప్పింది. "సరేమా." కిషోర్ చేతిలో టీ చల్లారిపోయింది. తనకి వచ్చిన సరే కూడా అచ్చం ఇట్లాంటిదే.

"వినీలా, నీ సరే నాకొద్దు."

"ఏంది?"

"ఆ రోజు చెప్పిన సరే వెనక్కి తీసేసుకో."

"ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోవద్దని గొడవ పెట్టుకునే మొగోణ్ణి ఈడే చూస్తుండా," అని ఆమె నవ్వింది. "పిచ్చి గానీ పట్టిందా సామీ?"

"నీకు నేను కావాలో వద్దో నువ్వెప్పుడన్నా కూర్చోని చూసుకున్నావా?"

"టైమేదీ?"

"నేనిస్తా. రోజూ సాయంత్రం అరగంట మా ఒడ్డున కూర్చో. ఫోను నాకియ్యి. ఎవర్నీ నీ కాడికి రానీను. తాంబూలాల ముందురోజు చెప్పు."

"కాదంటే?"

"అనవులే," అన్నాడు కిషోర్. అంత ధీమాగా అన్నాడు.

తీరిక ఇస్తే ఆమె మనసులో తానే కనిపిస్తాడని అతని లెక్క. ప్రేమలో ఉన్నవాళ్ళందరూ వేసే లెక్కే ఇది.

మొదటి సాయంత్రం వినీల కూర్చోలేకపోయింది. అయిదు నిమిషాలకి వెనక్కి తిరిగి, "ఫోనేమన్నా వచ్చిందా?" అంది. కాసేపటికి, "హజరత్తయ్య చేసినాడా?" అంది. కిషోర్ దూరం నుంచే కసిరాడు. "నీళ్ళు ముందుండాయి, నా మొహం మీద కాదు!"

ఫోను మాత్రం అతని చేతిలో ఊరుకుంటేనా.

"హలో, మేడమ్ ఉండారా?"

"మీటింగులో ఉండారు."

"ఎవురితో?" అన్నాడు హజరత్తయ్య.

"ఆమెతోనే."

"ఆమెంటే ఎవురబ్బా?"

"మేడమ్‌తోనే మేడమ్. అరగంట ఆగు పెదనాయనా, నీ రొయ్యలేం ఎగిరిపోవు."

నాలుగైదు రోజులకి ఆమె వెనక్కి తిరగడం మానేసింది. తర్వాత తర్వాత బాగుచేసిన వలలు మడతపెట్టేవాళ్ళు కూడా ఆమె కూర్చున్న వైపు గొంతు తగ్గించి మాట్లాడుకోసాగారు. ఆమె మొహంలో బిగువు తగ్గింది. మధ్యాహ్నం ఏం కూర తిన్నదో చెప్పగలిగేది. ల్యాబు ఓనరుకి ఆదివారం రానని చెప్పేసింది. కిషోర్ సంబరపడిపోయాడు. తన పెళ్ళాం కాబోయే మనిషికి తాను చేసిన మేలు చూసుకుని, తనంటే తనకే ముచ్చటేసింది.

ఒక్కటి మాత్రం అతను గమనించలేదు. అతని జోకులకి ఆమె మునుపటిలా వెంటనే నవ్వడం లేదు. విని, ఆలోచించి, నవ్వొస్తేనే నవ్వుతోంది.

మే వెళ్ళిపోతుండగా ఒక సాయంత్రం గాలీ వానా కలిసి వచ్చాయి. ఒడ్డున ఉన్నవాళ్ళందరూ తలా ఒక పక్కకి పరిగెత్తారు. వినీల లేవలేదు. కిషోర్ ఆమె ఫోను చొక్కాలోపల దాచుకుని, దూరంగా తడుస్తూ నిలబడ్డాడు. పిలవకూడదు కాబట్టి పిలవలేదు.

వాన వెలిశాక ఆమె లేచి వచ్చింది. నుదుటికి అంటుకున్న జుట్టు వెనక్కి నెట్టుకుంటూ అతన్ని చూసింది. అంత సూటిగా, అంత ఇష్టంగా ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు.

"నువ్వెందుకు తడిసినావు? పోయుండొచ్చు గదా."

"నువ్వు ఈడుంటే నేను యాడికి పోయేది?"

ఆ మాటకి ఏ అమ్మాయైనా కరిగిపోవాలి. వినీల మొహం మాత్రం చిన్నబోయింది. ఫోను తీసుకుని, "జలుబు చేస్తది, పోయి తల తుడుచుకో," అని స్కూటీ ఎక్కింది.

తాంబూలాల ముందురోజు వచ్చింది. పాళెంలో పడవలకి రంగులు వేస్తున్నారు, ఇంజన్లకి ఆయిలు పోస్తున్నారు. ఆదిశేషమ్మ ఇంటి ముందు పందిరి వేయిస్తోంది. కిషోర్ కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. వినీల ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. అరగంట దాటింది, గంటయింది. లేచి అతని దగ్గరికి వచ్చింది.

"వద్దు కిషోర్."

అతను నవ్వబోయాడు. ఆటపట్టిస్తోందేమోనని ఆమె కళ్ళలోకి చూశాడు. అక్కడ ఆట లేదు.

"ఎందుకు?" అన్నాడు. అడగకూడదని తెలుసు. అడగకూడదని చెప్పినవాడే తను. "ఎందుకు వద్దు? నేనేం తక్కువ చేసినా?"

"నువ్వేం తక్కువ చేయలే."

"మరి?"

"నువ్వు అడిగిన రోజు నాకు హాయిగా అనిపించింది. అది ఇష్టమే అనుకున్నా. ఈడ కూర్చోని చూసుకుంటే అది ఇష్టం కాదు. ఒక పని అయిపోయిందన్న నిమ్మళం. అమ్మ ఇంక సంబంధాలు చూడదు, చుట్టాలు అడగరు, ఒక తలనొప్పి పోయింది. అంతే."

"వానలో నన్ను చూసినావు గదా. అట్టా చూసినావు గదా!"

"చూసినా. ఆ రోజు నాకూ అనిపించింది, ఇదేనేమోనని." వినీల నీళ్ళ వైపు చూసింది. "తర్వాత రోజూ అదే చూసుకున్నా. నా ఫోను పట్టుకున్నోడివని ఇష్టమా, నువ్వని ఇష్టమా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకటే జవాబు. నాకు ఈ అరగంట మీద ప్రేమ పుట్టింది కిషోర్. నీ మీద కాదు."

"కొన్నాళ్ళు పోతే నా మీదా పుడతది."

"పుట్టకపోతే?"

అతనికి కోపం ముంచుకొచ్చింది. "ఆ రోజు సరే అన్నావు. నేను నోరు మూసుకోని ఆ సరేనే తీసుకునుంటే?"

"నిన్ను చేసుకునుండేదాన్ని. పిల్లలు కూడా పుట్టుండేవాళ్ళు. ఇదంతా నాకెప్పటికీ తెలిసేది కాదు."

"తెలియకపోతే ఏం? తెలియకుండా బతికేవాళ్ళు ఎంతమంది లేరు?"

"ఉండారు," అంది వినీల. "నాకు తెలిసిపోయింది. తెలిసినాక నీ కాడ నటించమంటావా? నీలాంటోడి కాడ?"

ఆమె ఏడుస్తోంది. ఈసారి ఎందుకేడుస్తోందో ఆమెకి తెలుసు. అందుకు అతనికి ఇంకా మంటగా ఉంది. ఈ ఏడుపు తనే నేర్పించాడు, ఈ తెలివి తనే ఇచ్చాడు. ఒక్క మాట తిడదామంటే తిట్టేదానికి తప్పు దొరకలేదు. జేబులోంచి ఫోను తీసి ఇచ్చాడు.

"మీ అమ్మకి నేనొచ్చి చెప్తా," అంది.

"వద్దు. నేను చెప్పుకుంటా. పో."

స్కూటీ వెళ్ళిన తర్వాత కూడా కిషోర్ కదల్లేదు. ఎవరో, "అన్నా, బోటుకి ఏ రంగేద్దాం?" అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాడు.

ఇంటికి వచ్చేసరికి పందిరి పూర్తయింది. పెంచలయ్య బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఆదిశేషమ్మ పొయ్యి దగ్గర ఎండు చేపల పులుసు కలుపుతోంది. కొడుకు మొహం చూసి ఏమిటని అడిగింది. అతను చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు.

ఆదిశేషమ్మ గరిటె విసిరేసింది.

"నిన్ను కన్నందుకు నన్ననుకోవాల! ఒప్పుకున్న పిల్లని ఒడ్డున కూర్చోబెట్టి ఆలోచించుకోమంటావా? లోకంలో యా మొగోడన్నా ఇట్టాంటి పని చేస్తాడంట్రా? చుట్టాలందరికీ చెప్పినానే, రేపు నా మొహం యాడ పెట్టుకునేది?"

"అమ్మా, ఊరుకో."

"ఎందుకూరుకోవాల? సరే అన్న రోజే తాళి కట్టిపడేయాల్సింది. మీ నాయన నన్నడిగినాడా? వచ్చినాడు, చూసినాడు, వారం తిరగకముందే మెళ్ళో కట్టినాడు. మర్నాడు తెల్లారి చేపల గంప నెత్తికెత్తుకున్నా, ఈ రోజుదాకా దించిందే లేదు. ఆలోచించుకో ఆదెమ్మా అని నాకెవురన్నా ఒక్క గడియ ఇచ్చినారా? నేను కాపురం చేయలేదా? నిన్ను కనలేదా?"

"ఇచ్చుంటే?" అన్నాడు కిషోర్.

"ఏంది?"

"నీకా గడియ ఇచ్చుంటే ఏం చెప్పుండేదానివమ్మా?"

అతను ఎత్తిపొడుపుగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆదిశేషమ్మ నోరు తెరిచింది. మామూలుగా ఆమెకి జవాబు ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది. పొయ్యి మీద పులుసు పొంగి అంచులదాకా వస్తోంది. కిషోర్ వెళ్ళి మంట తగ్గించాడు.

"ఏమో నాయనా," అంది చివరికి. "నన్నెవురడిగినారు గనక."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. తుడుచుకోవడం అయిపోయినా కొంగు వదల్లేదు.

బయట నుంచి పెంచలయ్య గొంతు వినిపించింది. "ఆదెమ్మా, అన్నం పెట్టు."

ఆదిశేషమ్మ వినలేదో, వినిపించినా లేవాలనిపించలేదో. ఒడ్డున వినీల నీళ్ళ వైపు చూసినట్టు, ఎదుట గోడ వైపే చూస్తోంది. తన పెళ్ళి చెడిపోయిన బాధ ఒక పక్క ఉండగానే, తల్లి మొహం చూస్తే కిషోర్‌కి మొదటిసారి భయం వేసింది.

"ఏమే, నిన్నే! పిలిస్తే పలకవే?"

ఆమె లేవలేదు. కిషోర్ పళ్ళెం తీసి, అన్నం పెట్టి, పులుసు పోసి, బయటికి తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టాడు. పెంచలయ్య పళ్ళేన్నీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు.

"మీయమ్మ ఏం చేస్తా ఉండాది?"

"ఏం చేయడంలే నాయనా," అన్నాడు కిషోర్. "నువ్వు తిను."